పాత స్పోర్ట్స్ కారుకు మళ్లీ చురుకు తెచ్చే చిన్న మరమ్మతులు

జపాన్ కంపెనీ మాజ్దా 1989లో ఎంఎక్స్-5 మియాటా అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును మార్కెట్లోకి తెచ్చింది. 1.6 లీటర్ల ఇంజిన్‌తో వచ్చిన ఆ తొలి కారు బరువు టన్ను లోపే. ఇంజిన్ శక్తి మరీ ఎక్కువేం కాదు. అయినా స్టీరింగ్ కాస్త తిప్పగానే కారు స్పందించడం, రోడ్డు తీరు చేతులకు తెలియడం నడిపేవారికి ఎంతో నచ్చాయి. ఆనాటి కార్లు నేటికీ చాలా దేశాల్లో తిరుగుతున్నాయి. వాటిలో కొన్ని మలుపుల్లో ఊగిసలాడతాయి, గేరు వేస్తే మొరాయిస్తాయి. అలాంటప్పుడు చాలామంది ఖరీదైన స్ప్రింగులు, పెద్ద చక్రాలు కొంటారు. చాలాసార్లు అసలు లోపం అరిగిన రబ్బరులో, పాతబడిన ద్రవాల్లో ఉంటుంది.

టైర్లు

కారు బరువంతా నాలుగు టైర్ల మీద, ఒక్కొక్కటి సుమారు అరచేయంత చోట రోడ్డుకు ఆనుతుంది. తొలితరం మియాటాకు కంపెనీ సూచించిన గాలి పీడనం 26 పీఎస్ఐ. గాలి తగ్గితే టైరు పక్కగోడ వంగి, స్పందన ఆలస్యమవుతుంది. మరీ ఎక్కువైతే రోడ్డును తాకే వైశాల్యం తగ్గిపోతుంది. అరుగుదల కనిపించకపోయినా వయసు మీద పడిన టైరు పట్టు కోల్పోతుంది. గాలిలోని ఆక్సిజన్ వల్ల రబ్బరు అణువుల గొలుసుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి అది గట్టిపడటమే దీనికి కారణం. టైరు పక్కన ఉండే డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం.

బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు

సస్పెన్షన్ కడ్డీల కీళ్లలో రబ్బరు బుష్‌లుంటాయి. అవి పగిలితే బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు చక్రాల కోణం మారిపోతుంది. కొత్తవి వేశాక బోల్టులను కారు బరువు చక్రాల మీద ఉన్న స్థితిలోనే పూర్తిగా బిగించాలి. కారును జాకీ మీద ఎత్తి బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

గతుకు తగిలినప్పుడు స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది. షాక్ అబ్జార్బర్ లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ ఆ శక్తిని వేడిగా మారుస్తుంది. నూనె కారిపోతే ఈ పని ఆగుతుంది. చక్రం ఎగురుతూనే ఉంటుంది, ఎగిరినంతసేపూ రోడ్డు మీద పట్టు ఉండదు.

బ్రేక్ ఆయిల్

మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది సాధారణంగా నూనె కాదు, గ్లైకాల్ రకం ద్రవం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఈ కనీస పరిమితి 155 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగుతూ పదేపదే బ్రేకు వేస్తే ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవంలా కాక ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుంది కాబట్టి, పెడల్ లోపలికి దిగిపోయినా కారు ఆగదు. రెండేళ్లకోసారి ఈ ద్రవాన్ని మార్చడం మంచిదనేది అందుకే.

గేర్ లివర్

మియాటా గేర్ లివర్ అడుగుభాగం గేర్ బాక్సు పైన, వేరే చిన్న గిన్నెలాంటి భాగంలో నూనెలో మునిగి ఉంటుంది. గేర్ బాక్సు నూనె మార్చేటప్పుడు దీన్ని చాలామంది మరిచిపోతారు. ఇందులో కొత్త నూనె పోసి, చిరిగిన రబ్బరు తొడుగులు మారిస్తే గేర్లు సాఫీగా పడతాయి. కింది నుంచి వచ్చే వేడి, చప్పుడు కూడా తగ్గుతాయి.

ఒక్కొక్కటిగా మార్చండి

ఈ అరుగుదల నెమ్మదిగా సాగడంతో నడిపేవారు తెలియకుండానే దానికి అలవాటుపడిపోతారు. అందుకే ఖర్చులేని గాలి పీడనంతో మొదలుపెట్టి, ఒక్కో మార్పు చేశాక అదే దారిలో నడిపి చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది ఫలించిందో తేలదు. బ్రేకులు, సస్పెన్షన్ పని మాత్రం అనుభవమున్న మెకానిక్‌కే అప్పగించాలి. మన ఇంటి ముందున్న మామూలు కారుకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. నడపడంలో హాయి తగ్గిందంటే, చాలాసార్లు భద్రత కూడా తగ్గుతోందని గుర్తించాలి.