ఆత్మరక్షణ విద్య – శిక్షకుల బాధ్యత

ఆత్మరక్షణ ప్రాణికోటికి సహజ లక్షణం. లేడికి వేగం, ముళ్లపందికి ముళ్లు, తాబేలుకు డిప్ప ప్రకృతి ప్రసాదించిన రక్షణ సాధనాలు. మానవునికి అటువంటి సాధనమేదీ పుట్టుకతో లభించలేదు. వివేకంతోను, అభ్యాసంతోను అతడు తన్ను తాను కాపాడుకోవలసి ఉంటుంది. అందువల్లనే వివిధ సమాజాలు తమవైన రక్షణ విద్యలను పెంపొందించుకొన్నాయి. తెలుగు పల్లెలలోని కర్రసాము, కేరళలోని కలరిపయట్టు, ఒకినావా దీవులలోని కరాటే అటువంటివే. జిగోరో కానో 1882లో స్థాపించిన జూడో కూడ ఈ కోవకు చెందినదే.

ఈ విద్యలలో ప్రావీణ్యం సంపాదించడానికి ఏళ్ల తరబడి సాధన అవసరం. కేరళకు చెందిన మీనాక్షి అమ్మ బాల్యంలో ప్రారంభించిన కలరి సాధనను వృద్ధాప్యంలోను కొనసాగించి, 2017లో పద్మశ్రీ పురస్కారాన్ని అందుకొన్నారు. అంతటి దీక్షకు అవకాశం అందరికీ ఉండదు. కాని ఆపద అందరికీ రావచ్చు. ఈ అవసరం నుండే స్వల్పకాలిక ఆత్మరక్షణ శిక్షణ పుట్టింది. ప్రత్యర్థిని ఓడించడం దీని లక్ష్యం కాదు. ఆపద నుండి తప్పించుకొని సురక్షిత స్థలానికి చేరడమే దీని లక్ష్యం.

సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ పాఠశాలలలో 6 నుండి 12వ తరగతి వరకు చదివే బాలికలకు మూడు నెలలపాటు ఈ శిక్షణ ఇస్తారు. దీనికి రాణీ లక్ష్మీబాయి పేరు పెట్టారు. 2021లో పథకాన్ని సవరించినపుడు నెలకు 3,000 రూపాయలుగా ఉన్న మొత్తాన్ని 5,000 రూపాయలకు పెంచారు. ఇంత కొద్ది మొత్తంతో పూర్తికాలపు గురువును నియమించడం సాధ్యం కాదు. కాబట్టి వేరొక వృత్తిలో ఉంటూ, కొద్దికాలం శిక్షణ పొంది, తీరిక వేళలలో బోధించేవారి అవసరం ఏర్పడుతుంది. అటువంటివారు ఏమి నేర్పగలరు, ఏమి నేర్పకూడదు అన్నది ఆలోచించదగిన విషయం.

మొదట నేర్పవలసినది అప్రమత్తత. పరిసరాలను గమనించడం, అనుమానం కలిగిన వెంటనే దూరం జరగడం, గట్టిగా అరవడం, 112కు ఫోను చేయడం ప్రథమ పాఠాలు. తరువాతివి సులభమైన విడిపించుకొనే పద్ధతులు. ఎవరైనా మణికట్టును పట్టుకొన్నపుడు వెనుకకు లాగితే పట్టు బిగుస్తుంది. పట్టుకొన్నవాని బొటనవేలికి, తక్కిన వేళ్లకు మధ్య ఉన్న సందు వైపు చేతిని తిప్పి లాగితే పట్టు సడలుతుంది. నాలుగు వేళ్ల బలం కంటె ఒక్క వేలి బలం తక్కువ కావడమే ఇందుకు కారణం. అరచేతి అడుగుభాగంతోను, మోచేతితోను, మోకాలితోను కొట్టడం కూడ కొద్దికాలంలో నేర్వవచ్చు. తాళంచెవుల గుత్తి, చున్నీ, కలము, పుస్తకాల సంచి వంటి నిత్యోపయోగ వస్తువులు సైతం రక్షణ సాధనాలవుతాయి.

స్వల్పకాలిక శిక్షణ వ్యర్థమని భావించరాదు. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాలలో 893 మంది విద్యార్థినులపై జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. పన్నెండు గంటల శిక్షణకు ఎంపికైనవారిలో ఏడాది కాలంలో అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం కాగా, అది లేనివారిలో 9.8 శాతం. ఆ శిక్షణలో దెబ్బలు కొట్టడం మాత్రమే కాక, పరిచితుల వలన కలిగే ప్రమాదాన్ని గుర్తించడం, సంకోచం లేకుండ నిరాకరించడం ముఖ్య భాగాలు. మన దేశంలో 2021లో నమోదైన అత్యాచార కేసులలో 96 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవారే. కాబట్టి చీకటిదారిలో ఎదురయ్యే అపరిచితుణ్ణి గురించి మాత్రమే బోధించే పాఠం అసంపూర్ణం.

శిక్షకులు చట్టాన్ని కూడ తెలిసికొని ఉండాలి. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును గుర్తించింది. అయితే రక్షణకు అవసరమైనంత హాని మాత్రమే చేయవచ్చునని పరిమితి విధించింది. దుండగుడు పారిపోయిన తరువాత వెంటాడి కొట్టడం ఆత్మరక్షణ అనిపించుకోదు.

అన్నింటికంటె ప్రధానమైనది నిజాయితీ. కొద్ది వారాల అభ్యాసంతో కత్తిని లాగివేయవచ్చునని, పలువురిని ఎదిరించవచ్చునని చెప్పడం విద్యార్థుల ప్రాణాలను పణంగా పెట్టడమే. అటువంటి స్థితిలో వస్తువును వదలివేసి పరుగెత్తడమే శ్రేయస్కరమని శిక్షకులు స్పష్టం చేయాలి. మెడకు, కీళ్లకు గాయాలు కాకుండ అభ్యాసాన్ని నెమ్మదిగా సాగించాలి. విద్యార్థి అనుమతి లేనిదే తాకరాదు. ఎదిరించలేకపోయినవారిని నిందించరాదు, తప్పు దాడి చేసినవానిదే గాని, బాధితులది ఎన్నటికీ కాదు. తాము నేర్చినదాని హద్దును ఎరిగి, ఆ హద్దు దాటినపుడు అనుభవజ్ఞులైన గురువుల వద్దకు విద్యార్థులను పంపేవారే ఉత్తమ శిక్షకులు. అట్టివారు తీరిక వేళలలో చెప్పిన నాలుగు పాఠాలైనా ఆపత్కాలంలో అక్కరకు వస్తాయి.