వికలాంగుల సహాయ శిబిరం

వికలాంగుల సహాయ శిబిరం అనగా స్వచ్ఛంద సంస్థలు, తరచుగా ప్రభుత్వ శాఖల సహకారంతో, ఒక ఊరిలో ఒకటి రెండు రోజులు మకాం వేసి, ఆ ప్రాంతపు వికలాంగులను పరీక్షించి, తగిన ఉపకరణాలను, సలహాలను అందజేసే కార్యక్రమం. నగరానికి రాలేనివారి వద్దకు సేవలే వెళ్ళాలన్నది దీని ఉద్దేశం. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వారిలో సుమారు 69 శాతం గ్రామాలలో నివసించేవారే. కృత్రిమ అవయవాలు తయారుచేసే కర్మశాలలు, వినికిడి పరీక్ష చేయగల నిపుణులు మాత్రం ఎక్కువగా పట్టణాలలోనే ఉన్నారు. తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి ప్రాంతాలలో శిబిరాల అవసరం ఈ దూరం వల్లనే ఏర్పడినది.

పేరు

తెలుగులో వికలాంగులు అనే మాట చిరకాలంగా వాడుకలో ఉన్నది. 2016 నుండి కేంద్ర ప్రభుత్వ శాఖ హిందీలో దివ్యాంగులు అనే పదాన్ని స్వీకరించగా, అది తెలుగు పత్రికలలోనూ ప్రవేశించినది. దైవత్వాన్ని ఆపాదించే ఈ మాట తమకు అక్కరలేదని, హక్కులు దక్కితే చాలునని అభ్యంతరం చెప్పిన వికలాంగుల సంఘాలు కూడా ఉన్నవి. ఈ వ్యాసంలో పాత మాటనే వాడడం జరిగినది.

నేపథ్యం

1925లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జరిగిన లయన్స్ క్లబ్బుల మహాసభలో హెలెన్ కెల్లర్ ప్రసంగించి, అంధుల పక్షాన నిలవవలసినదిగా సభ్యులను కోరారు. ఆ క్లబ్బులు కంటి శిబిరాలను తమ ముఖ్య కార్యక్రమంగా చేసుకోవడానికి ఈ ప్రసంగమే మూలం.

కాళ్ళు కోల్పోయినవారి విషయంలో మార్గం చూపినది జైపూర్. అక్కడి శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి.కె. సేథీ 1968 ప్రాంతంలో రూపొందించిన జైపూర్ పాదం రబ్బరుతోను, చెక్కతోను తయారవుతుంది. విదేశీ నమూనాలకు బూటు తప్పనిసరి. దీనితో ఉత్తకాళ్ళతో నడవవచ్చు, గొంతుకూర్చోవచ్చు, నేలమీద బాసింపట్టు వేసుకొనవచ్చు, బురద మడిలో దిగవచ్చు. వ్యవసాయం చేసుకొనే మనిషికి ఇవి చిన్న విషయాలు కావు. సేథీకి 1981లో మెగసెసే పురస్కారం లభించినది. ఈ పాదాన్ని ఊరూరికీ చేర్చిన సంస్థ 1975లో జైపూర్‌లో స్థాపించబడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి. పనిముట్లను, పనివారిని వెంట తీసుకొనివెళ్ళి, శిబిరం వద్దనే కొలత తీసి, అక్కడే కాలు తయారుచేసి తొడిగించి పంపే పద్ధతిని ఈ సంస్థ ప్రచారంలోకి తెచ్చినది.

ప్రభుత్వపరంగా కాన్పూరులో 1972లో ఏర్పడిన కృత్రిమ అవయవాల తయారీ సంస్థ (అలింకో), 1981లో మొదలైన ఉపకరణాల సహాయ పథకం (ఏడిప్) ముఖ్యమైనవి. ఈ పథకం క్రింద అర్హత గల స్వచ్ఛంద సంస్థలకు కూడా నిధులు అందుతాయి.

జరిగే తీరు

ఉపకరణాల శిబిరం సాధారణంగా రెండు విడతలుగా జరుగుతుంది. మొదటిది నిర్ధారణ శిబిరం. ఇందులో పేర్లు నమోదు చేసి, వైద్యులు పరీక్షించి, ఎవరికి ఏది తగునో నిర్ణయిస్తారు. పోలియో సోకిన కాలికి క్యాలిపర్ కావాలన్నా, తెగిన కాలికి కృత్రిమ పాదం కావాలన్నా కొలత తీయడం తప్పనిసరి. ఉపకరణాలు తయారై వచ్చిన పిదప, కొన్ని వారాలకో నెలలకో, పంపిణీ శిబిరం జరుగుతుంది. వేదిక, అతిథులు, ఛాయాచిత్రాలు ఈ రెండవ రోజున కనబడతాయి. అసలు పని మొదటి రోజుదే. కొలత సరిగా లేని క్యాలిపర్ ఒరుసుకొని పుండు చేస్తుంది; దానిని ఇంటివారు అటక మీద పెడతారు.

ఏడిప్ పథకంలో సహాయం పొందడానికి 40 శాతం వైకల్యాన్ని ధ్రువీకరించే పత్రం, ఆదాయ ధ్రువపత్రం అవసరం. వైకల్య నిర్ధారణ కొరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సదరం అనే కంప్యూటరు విధానం ప్రవేశపెట్టబడినది. ప్రభుత్వాసుపత్రులలో జరిగే ఈ పరీక్షలను జనం సదరం క్యాంపులు అని వ్యవహరిస్తారు. పింఛను కూడా ఈ పత్రంతోనే ముడిపడి ఉన్నందున అక్కడ రద్దీ ఎక్కువ. స్వచ్ఛంద సంస్థ పెట్టిన శిబిరానికి వచ్చి, చేతిలో పత్రం లేక తిరిగి వెళ్ళేవారు ఉంటారు. అనుభవం గల సంస్థలు అందుచేత ముందుగానే పత్రాలు చూసి, లేనివారిని సదరం పరీక్షకు పంపిస్తాయి.

ఎల్లారెడ్డి ప్రాంతంలో

2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఎల్లారెడ్డి అందులో భాగమైనది. కామారెడ్డికి సికింద్రాబాదు - నిజామాబాదు రైలు మార్గం ఉన్నది. ఎల్లారెడ్డికి రోడ్డు మార్గమే ఆధారం. లింగంపేట, గాంధారి వంటి చుట్టుపట్ల మండలాలలోని తండాల నుండి వచ్చేవారు మొదట ఆటోలోనో ద్విచక్రవాహనం మీదనో పెద్దరోడ్డు చేరాలి. చక్రాల కుర్చీ బస్సు మెట్లు ఎక్కదు. కనుక ఒకరు ఎత్తుకొని ఎక్కించాలి. ఆ ఒకరు దొరకడమే కష్టం. ఈ ప్రాంతంలో చాలా కుటుంబాల మగవారు గల్ఫ్ దేశాలలో ఉంటారు. ఇంట్లో ఉన్న స్త్రీ బీడీలు చుట్టడమో కూలికి పోవడమో మానుకొని రావాలి. రెండు విడతల శిబిరమంటే రెండు రోజుల కూలి. శిబిరం ఉచితమే అయినా రాకపోకలు ఉచితం కావు.

సమాచారం చేరవేయడంలో మరొక చిక్కు ఉన్నది. డప్పు చాటింపు చెవిటివారికి వినబడదు, గోడపత్రిక అంధులకు కనబడదు. లంబాడీ మాట్లాడే ముసలివారికి తెలుగు కరపత్రం అంతగా ఉపయోగపడదు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల ద్వారా, మహిళా సంఘాల ద్వారా ఇంటింటికీ చెప్పించడమే ఫలిస్తుంది. మంచం దిగలేనివారి సంగతి కూడా ఇంటికి వెళ్ళినవారికే తెలుస్తుంది. శిబిరానికి వచ్చినవారి లెక్క పుస్తకంలో ఉంటుంది, రానివారి లెక్క ఉండదు.

పరిమితులు

1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించగా, 2016 చట్టం వాటిని 21కి పెంచినది. ఆటిజం, తలసేమియా, కండరాల క్షీణత వంటివి ఇందులో చేరినవి. శిబిరం మాత్రం నేటికీ ప్రధానంగా కాలు, చెవి, కన్ను అనే మూడింటి చుట్టూ నడుస్తున్నది. బుద్ధిమాంద్యం గల పిల్లవానికి ఒక రోజులో ఇవ్వగల వస్తువు పెద్దగా లేదు. అతనికి ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి. సికింద్రాబాదులో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ అనే పేరుతో స్థాపించబడిన సంస్థ ఇటువంటి శిక్షణకు ప్రసిద్ధి.

మరమ్మతు మరొక సమస్య. వినికిడి యంత్రంలో బ్యాటరీ అయిపోతే అది పెట్టెలోకి చేరుతుంది. ట్రైసైకిల్ టైరును ఊరి సైకిల్ షాపులో మార్పించుకొనవచ్చు గాని, విరిగిన క్యాలిపర్‌కు కొలిమి వద్ద అతుకు వేయించడం తప్ప గతి లేదు. ఏడిప్ నిబంధనల ప్రకారం ఒకసారి సహాయం పొందినవారికి అదే అవసరానికి 3 సంవత్సరాల వరకు మరల ఇవ్వరు. 12 ఏళ్ళలోపు పిల్లలు త్వరగా పెరుగుతారు గనుక వారికి ఈ గడువు 1 సంవత్సరం.

ఈ లోపాలను గమనించియే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన అనంతరం సమాజ ఆధారిత పునరావాసం అనే పద్ధతిని ప్రోత్సహించినది. ఊరివారికే కొంత శిక్షణ ఇచ్చి, ఏడాది పొడుగునా సేవ అందేలా చూడడం దీని సారాంశం. తెలుగు రాష్ట్రాలలో బడిపిల్లల వరకు ఈ పనిని మండల కేంద్రాలలోని భవిత కేంద్రాలు కొంత నిర్వహిస్తున్నవి. వాటిలో ప్రత్యేక ఉపాధ్యాయులు బోధిస్తారు. కదలలేని పిల్లల వద్దకు ఉపాధ్యాయులే ఇంటికి వెళతారు.