నూలు చెత్తలో నూనె - జమాఖర్చు

షోలాపూర్ తూర్పు భాగంలో మన పద్మశాలీల మరమగ్గాల దగ్గర చాదర్లు, తువ్వాళ్లతోపాటు నూలు చెత్త కూడా పోగవుతుంది. దాని నుంచి నూనె తీయవచ్చు! గాలి తగలకుండా మైక్రోవేవ్‌తో సుమారు 500 డిగ్రీలకు వేడిచేస్తే బొగ్గు, వాయువు, ఆవిరి వస్తాయి. ఆవిరిని చల్లబరిస్తే జీవనూనె. పొడి నూలు మైక్రోవేవ్‌ను సరిగా పీల్చుకోదు కనుక బొగ్గుపొడి కలపాలి. మద్రాసు ఐఐటీ నుంచి దాడి వి. సూర్యప్పారావు, ఆర్. వినూ 2015లో నగర చెత్తలోని పదార్థాలపై ఇలాంటి ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు.

ఇక ఖర్చు మాట. ఈ నూనెలో నీరు, ఆమ్లాలు ఎక్కువ. కిలోకు వచ్చే వేడి డీజిల్‌లో సగం కూడా ఉండదు. కరెంటు బిల్లు అదనం. కొనేవాడున్న శుభ్రమైన చెత్తను అమ్ముకోవడమే లాభం. మురికిపట్టి ఎవరూ కొననిదే దీనికి తగినది. అప్పుచేసి యంత్రం తెచ్చేముందు నెలకు ఎన్ని కిలోల చెత్త, ఎన్ని యూనిట్ల కరెంటు అన్నది కాగితంమీద లెక్క వేసుకోండి.