తూలడం వేరు, తడబడటం వేరు

మనిషి పడిపోవడానికి తెలుగులో ఒక్క క్రియ చాలదు. కాలు జారి పడ్డారు, తట్టుకుని పడ్డారు, తూలి పడ్డారు అని మూడు రకాలుగా చెబుతాం. మొదటిదానిలో తప్పు నేలది, అంటే తడి, నాచు, సబ్బు నీళ్లు. రెండోదానిలో దారికి అడ్డం వచ్చిన గడపది, మడతపడ్డ చాపది. మూడోదానికి బయట కారణం వెతికినా దొరకదు, అది పడ్డ మనిషి ఒంట్లోనే ఉంది. జారారంటే బాత్‌రూమ్ గచ్చు చూడాలి, తూలారంటే మనిషిని చూడాలి. ఇంత సమాచారం మోసే మాటలను ఈమధ్య ‘బ్యాలెన్స్ తప్పింది’ అనే ఒక్క ముక్కలోకి కుదించేస్తున్నాం. అందువల్ల నష్టపోయేది భాష ఒక్కటే కాదు.

ముందు తూలడం సంగతి. నిటారుగా నిలవాల్సిన ఒళ్లు ఒక పక్కకు వాలుతుంది, దాన్ని సరిచేసుకోబోతే రెండో పక్కకు పోతుంది. వాలేది మొండెం, దాన్ని అందుకోవడానికి కాళ్లు పాట్లు పడతాయి. తాగినవాడు తూలేది ఇలాగే. రాత్రి బస్సులో నిద్ర ఆపుకోలేని ప్రయాణికుడు పక్కవాడి భుజం మీదకి తూలేదీ ఇలాగే. అతని కాళ్లు కదలనే లేదు, అయినా తూలాడనే అంటాం. తూలడానికి నడక అవసరం లేదన్నమాట.

తడబడటానికి మాత్రం ఒక వరస కావాలి. అడుగు వెనక అడుగు, అక్షరం వెనక అక్షరం, మెట్టు వెనక మెట్టు. ఆ వరస చెడితే తడబాటు. అందుకే ఇది కాళ్ల దగ్గర ఆగకుండా నాలుకకూ వేళ్లకూ పాకింది. పద్యం అప్పజెప్పే పిల్లవాడు తడబడతాడు, సాక్షి బోనులో తడబడతాడు, కొత్తగా వీణ పట్టినవారి వేళ్లు తడబడతాయి. వీళ్లంతా నిటారుగానే ఉన్నారు. ఆటల పేజీలో ‘ఛేదనలో తడబడిన జట్టు’ అని చదువుతుంటాం. మంచి ప్రయోగం అది. వికెట్ వెనక వికెట్ పడి ఇన్నింగ్స్ వరస చెడింది కదా. ఆ జట్టు తూలిందని రాసిన విలేకరి నాకు ఇంతవరకూ కనబడలేదు.

తొట్రుపాటు ఈ రెండిటికీ దూరపు చుట్టం. దానికి మూలం మనసులో ఉంటుంది. అనుకోని మనిషి ఎదురైనా, ఊహించని ప్రశ్న వచ్చినా క్షణం పాటు తొట్రుపడతాం, వెంటనే తేరుకుంటాం. తేరుకోవడం అనే మాట దాని పక్కనే వస్తుండటం గమనించండి. తడబాటును సరిదిద్దుకుంటారు, తొట్రుపాటు నుంచి తేరుకుంటారు.

ఊగడాన్ని ఈ వరసలో చేర్చేవారున్నారు గానీ, ఊగేదానికి ఎక్కడో ఒకచోట పట్టు ఉంటుంది. ఉయ్యాలకు దూలం, కొమ్మకు మాను, గంటకు కొక్కెం. వెళ్లి తిరిగొస్తుంది. తూలేదానికి ఆ పూచీ లేదు. అదరడం, వణకడం ఉన్నచోటే జరిగే చిన్న కదలికలు. అక్కడా తెలుగు ఎంత పట్టింపుగా ఉంటుందో చూడండి. చలికి వేళ్లు వణుకుతాయి, కన్ను మాత్రం అదురుతుంది. కన్ను వణికిందంటే వినేవాళ్లకు అర్థం కాదు. ఇక తొణకడం కుండలో నీళ్లది, అక్కడి నుంచే నిబ్బరంలేని మనిషికి వచ్చింది.

మాట విషయంలో తూలడానికీ తడబడటానికీ మధ్య తేడా ఇంకా స్పష్టం. మాట తడబడితే చెప్పదలుచుకున్నది సరిగా బయటికి రాలేదని. మాట తూలితే అనకూడనిది బయటికి వచ్చేసిందని. మొదటివాడి మీద జాలి కలుగుతుంది, రెండోవాడు క్షమాపణ చెప్పుకోవాలి. తూలనాడటం ఇంకో అడుగు ముందుకెళ్లి ఎదుటివాణ్ణి నిందించడమే అయింది. హంసతూలికా తల్పంలోని తూలికకు మాత్రం దీనితో ఏ బంధుత్వమూ లేదు, అది దూదికి సంబంధించిన సంస్కృత శబ్దం.

వార్తల్లో ఇప్పుడు అన్నిటికీ ‘అదుపు తప్పి’. బైకు అదుపు తప్పి, లారీ అదుపు తప్పి, చివరికి మెట్లు దిగుతున్న మనిషి కూడా అదుపు తప్పి. వాహనానికి ఆ మాట సరే. మనిషి జారాడా, తూలాడా, ఎవరైనా తోశారా అన్నదే కదా అక్కడ వార్త!

ఈ తేడాలు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది డాక్టరు ఎదుట. ‘కళ్లు తిరుగుతున్నాయి’ అంటే గది గిర్రున తిరుగుతున్నట్టు ఉండటం. పక్క మీద ఒత్తిగిలినప్పుడో, అటకవైపు తలెత్తినప్పుడో ఒక్కసారిగా మొదలై నిమిషంలోపే తగ్గిపోతుంటే, లోచెవిలోని సన్నటి సున్నపు రేణువులు చోటు తప్పి అర్ధవృత్తాకార నాళంలోకి చేరి ఉండొచ్చు. తలను ఒక క్రమంలో తిప్పి వాటిని వెనక్కి పంపే పద్ధతి ఉంది, మందులతో పనిలేకుండానే చాలామందికి నయమవుతుంది.

‘కళ్లు బైర్లు కమ్మాయి’ అన్నది వేరే బాధ. ఇక్కడేదీ తిరగదు, చూపు మసకబారి చీకట్లు వస్తాయి. పడుకున్న మనిషి గబుక్కున లేచినప్పుడు రక్తపోటు పడిపోతే అలా అవుతుంది. లేచిన 3 నిమిషాల్లోపు పైఅంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. బీపీ బిళ్లల మోతాదు కూడా ఇందుకు కారణం కావచ్చు.

ఇక ‘తల బాగానే ఉంది, నడిస్తేనే తూలుతున్నాను’ అన్నారనుకోండి. చెవినీ బీపీనీ దాటి పాదాల నరాలనూ చిన్నమెదడునూ చూడాలి. మనం నిలబడటానికి మూడు ఆధారాలు: కళ్లు, లోచెవి, పాదాల నుంచి నరాలు మోసుకొచ్చే స్పర్శ. ఏళ్ల తరబడి షుగరున్నవారిలోనూ బీ12 లోపించినవారిలోనూ ఆ మూడోది మొద్దుబారుతుంది. పగలు కళ్ల సాయంతో నెట్టుకొస్తారు, చీకటి పడితే తూలుతారు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే తూలి గోడ పట్టుకుంటారు. దూది మీద నడుస్తున్నట్టుందని వాళ్లే చెబుతారు. పాదాలు దగ్గరగా పెట్టించి కళ్లు మూసుకోమనే పరీక్ష ఇందుకే. జర్మన్ వైద్యుడు రోంబర్గ్ పేరు మీద 19వ శతాబ్దం నుంచి ఉంది, ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు.

డాక్టరు గదిలో పెద్దవాళ్లు ఈ మాటలను సరిగ్గానే వాడతారు. తోడు వెళ్లిన మనమే మధ్యలో అందుకుని ‘గిడ్డీనెస్ అండీ’ అంటాం. అమ్మ బైర్లు కమ్మాయంటే అలాగే చెప్పండి, నాన్న చీకట్లోనే తూలుతున్నానంటే ఆ ‘చీకట్లోనే’ కూడా వదలకుండా చెప్పండి.