పత్తి మండీలో ఓ పూట... మగ్గం పక్కన మరో పూట

సెలవులొచ్చాయంటే చాలు... ఊటీనా, గోవానా, ఫిల్మ్‌సిటీనా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. పిల్లలు బోటెక్కుతారు, ఐస్‌క్రీములు తింటారు, బోలెడు ఫొటోలు దిగుతారు. తిరిగొచ్చాక ‘అక్కడివాళ్లు పొద్దున ఏం తింటారు, ఏ పని చేసి బతుకుతారు?’ అని అడిగి చూడండి... నీళ్లు నములుతారు!

అలాకాకుండా ఓ ఊరి మామూలు రోజునే పిల్లలకు చూపిస్తే? ఇటలీలో రైతుల ఇళ్లలోనే బస చేసి, వాళ్ల పొలంలో పండినవే తినే పర్యాటకాన్ని ‘అగ్రిటూరిస్మో’ అంటారు. దానికోసం 1985లోనే ప్రత్యేకంగా చట్టం చేశారు. మనం అంతదూరం వెళ్లక్కర్లేదు. కర్నూలు జిల్లా పడమటి వైపున్న ఆదోని, ఎమ్మిగనూరు చాలు. రెండింటి మధ్యా దూరం సుమారు ముప్ఫై కిలోమీటర్లే.

ఉగ్గానితో తెల్లారుతుంది

ఆ ఊళ్లలో పొద్దుటి పూట హోటల్ ముందు నిలబడితే ఇడ్లీకన్నా ముందు వినపడే మాట ‘ఉగ్గాని బజ్జీ’. బొరుగుల్ని నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలుపుతారు. పైన పుట్నాల పప్పు పొడి చల్లుతారు. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. పిల్లలకు కారమనిపిస్తే బజ్జీ పైతొడుగు తినిపించి, లోపలి మిరపకాయ మీరు తినేయండి!

తింటూనే పక్క బల్లల మీది మాటలు వినమని చెప్పండి. తెలుగులో మొదలైన కబురు కన్నడలోకి మళ్లుతుంది, మధ్యలో ఉర్దూ దూరుతుంది. కారణం చరిత్రలో ఉంది. ఆదోని, ఆలూరు తాలూకాలు ఒకప్పుడు బళ్లారి జిల్లావి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటువైపు వచ్చాయి. సరిహద్దు మారింది కానీ సంబంధాలు మారలేదు. అత్తగారిల్లు అటు, పుట్టిల్లు ఇటు ఉన్నవాళ్లు బోలెడుమంది.

దూదికొండల నడుమ

ఆదోనివాళ్లు తమ ఊరిని గర్వంగా ‘రెండో ముంబయి’ అని చెప్పుకుంటారు. ఆ పేరెందుకొచ్చిందో తెలియాలంటే పత్తి సీజన్లో మార్కెట్‌యార్డుకు వెళ్లాలి. అక్టోబరు దాటాక ఎటుచూసినా తెల్లటి కుప్పలే. కొనేవాళ్లు గుప్పెడు పత్తి తీసుకుని, వేళ్లతో లాగి పింజ పొడవెంతో చూస్తారు. తేమ ఉందేమో నొక్కి చూస్తారు. రైతు మాత్రం వాళ్ల మొహాలే చూస్తుంటాడు. ఆర్నెల్ల కష్టానికి ధర పలికేది అక్కడే మరి.

పిల్లలకిక్కడ చిన్న లెక్క చెప్పొచ్చు. క్వింటాలు పత్తిని జిన్నింగు మిల్లులో ఆడిస్తే వచ్చే దూది దాదాపు మూడోవంతే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం గింజే. ఆ గింజ నుంచి నూనె తీస్తారు, పిండి పశువులకు పెడతారు. ‘మన చొక్కా ఎక్కణ్నుంచి వచ్చింది?’ అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నాడె చప్పుడు వినాలి

మిగతా సగం ఎమ్మిగనూరులో ఉంది. ఇక్కడ 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని ప్రారంభించారు. నేతగాళ్లకు నూలు అందించడం, నేసినదాన్ని అమ్మిపెట్టడం సంఘం పని. ఎమ్మిగనూరు దుప్పట్లకూ తువ్వాళ్లకూ దానివల్లే పేరొచ్చింది. సోమప్పను ప్రభుత్వం 1954లో పద్మశ్రీతో గౌరవించింది. తర్వాత్తర్వాత మరమగ్గాల పోటీకి చాలా మగ్గాలు మూలపడ్డాయి.

అయినా నేసేవాళ్లున్నారు. ముందుగా అడిగి, వాళ్లు సరేనంటే పిల్లల్ని ఓ గంట మగ్గం పక్కన కూర్చోబెట్టండి. గుంటలో కాళ్లు తొక్కుతుంటే పడుగు విచ్చుకోవడం, ఆ సందులోంచి నాడె దూసుకుపోవడం, ఒక్కో పేక పోగూ బట్టగా మారడం... టీవీలో ఎన్నిసార్లు చూసినా ఆ చప్పుడు చెవిన పడదు. కండెలు చుట్టే అవ్వ రాట్నం తిప్పనిస్తే ఇక అక్కణ్నుంచి కదలరు! వచ్చేటప్పుడు ఓ తువ్వాలైనా కొనండి, బేరమాడకుండా.

జనవరిలో వెళ్తే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర చూడొచ్చు. రథోత్సవం ఒక ఎత్తయితే, పశువుల సంత మరో ఎత్తు. ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పే రైతులు అక్కడ అడుగడుగునా కనిపిస్తారు.

అదే వయసు... వేరే ప్రయాణం

ఇక్కడిదాకా అన్నీ సంబరాలే. కానీ మామూలు రోజు అంటే సంబరమొక్కటే కాదు. పంటలయ్యాక ఇక్కడి బస్టాండుల్లో, రోడ్ల పక్కన మూటలూ ముల్లెలూ గిన్నెలతో బయల్దేరే కుటుంబాలు కనిపిస్తాయి. ‘సుగ్గికి పోతున్నాం’ అంటారు వాళ్లు. వానమీదే ఆధారపడ్డ నేలలు, పంట పోతే ఊళ్లో పని ఉండదు. అందుకే పత్తి తీతకూ, మిరపకాయల కోతకూ గుంటూరు వైపో, తెలంగాణకో వెళ్తారు. కూలి కిలోకింత లెక్క. ఇంట్లో ముసలివాళ్లు మిగులుతారు. పిల్లలు మాత్రం అమ్మానాన్నలతోపాటు వెళ్లిపోతారు.

వాళ్లూ పిల్లలతో ప్రయాణిస్తున్నవాళ్లే. తేడా ఒక్కటే... మన పిల్లలు సెలవుల్లో వెళ్తున్నారు, వాళ్లు బడి మానేసి వెళ్తున్నారు. మూడునాలుగు నెలలు తరగతికి దూరమైన పిల్లాడు తిరిగొచ్చేసరికి పాఠాలు ముందుకెళ్లిపోతాయి. అర్థంకాని తరగతిలో కూర్చోలేక బడి వదిలేస్తాడు. అందుకే అలాంటి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు చేశారు. అయితే అవి తల్లిదండ్రులు మూట కట్టకముందే తెరవాలి. ఆలస్యమైతే పిల్లలు బండెక్కేస్తారు.

‘ఆ పాప బడికి ఎందుకెళ్లలేదు?’ అని మీ అబ్బాయి అడగొచ్చు. మాట మార్చకండి. వాళ్ల నాన్న సోమరి కాదని, ఊళ్లో పని దొరక్క వెళ్తున్నారని చెప్పండి. పొద్దున తిన్న బజ్జీలోని మిరపకాయనూ, యార్డులో చూసిన పత్తినీ గుర్తుచేయండి. వాటి వెనక అలాంటి చేతులే ఉన్నాయని తెలుస్తుంది.

వెళ్లాలనుకుంటే...

* ముంబయి - చెన్నై రైలు మార్గంలో గుంతకల్లు, రాయచూరుల మధ్య ఆదోని స్టేషన్ ఉంది. కర్నూలు నుంచి ఎమ్మిగనూరు మీదుగా బస్సులో వెళ్లొచ్చు.

* అక్టోబరు నుంచి జనవరి అనువైన సమయం. పత్తి, జాతర రెండూ చూడొచ్చు. వేసవిలో ఎండలు పిల్లలు తట్టుకోలేరు.

* యార్డులో బస్తాలు మోసే హమాలీలకు దారి వదలండి. పిల్లల చెయ్యి వదలొద్దు.

* వలస వెళ్లేవాళ్లను అడక్కుండా ఫొటోలు తీయకండి. వాళ్ల పిల్లలతో మీ పిల్లల్ని ఆడుకోనివ్వండి.