లారీ ఇంజను ఎందుకు కాగుతోంది? ఇంటి ముంగిట చేసుకోదగిన పరీక్షలు

సాలూరు దాటి సుంకి మీదుగా కోరాపుట్‌కు ఎక్కే ఘాట్ రోడ్డులో వేసవి మధ్యాహ్నం ప్రయాణించిన వారికి ఒక దృశ్యం పరిచితమే. మలుపు దగ్గర లారీ ఆగి ఉంటుంది. ముందు భాగం నుండి ఆవిరి లేస్తూ ఉంటుంది. క్లీనరు డబ్బా పట్టుకొని నీటి కోసం వాగు వైపు దిగుతూ ఉంటాడు. ఏమైందని అడిగితే మన డ్రైవరు ‘బండి హీటెక్కింది’ అంటాడు. ఒరియా డ్రైవరైతే ‘గాడి గొరొమ్ హెలా’ అంటాడు. ఏ భాషలో చెప్పినా ఆ మాట లక్షణాన్ని తెలుపుతుందే గాని కారణాన్ని తెలుపదు. జ్వరం వచ్చిందనడం వంటిదే అది. ఆ జ్వరం దేనివల్ల వచ్చిందో తెలిసినప్పుడే మందు పనిచేస్తుంది.

మా తమ్ముడికి ఆరు చక్రాల పాత లారీ ఒకటి ఉంది. అప్పు చేసి కొన్నది. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. ఒక వేసవిలో అది ఘాట్ ఎక్కినప్పుడల్లా కాగడం మొదలుపెట్టింది. వారం రోజులు దొరికిన చోటల్లా నీళ్లు పోసుకుంటూ నడిపాడు. ఎనిమిదో రోజున హెడ్ గాస్కెట్ పోయింది, సిలిండర్ హెడ్ వంగింది. రెండు నెలల కిరాయి మరమ్మతుకే సరిపోయింది. మెకానిక్ రేడియేటరు విప్పి చూపగా, దాని ముందు భాగమంతా ఊక, దుమ్ము గుప్పెళ్లకొద్దీ పేరుకొని ఉంది. అంతకు ముందు నెలంతా ఆ బండి రైసు మిల్లు ఊక మోసింది. ఒక పూట కడిగి ఉంటే ఆ నష్టం తప్పేది. బడిలో పిల్లలకు ఉష్ణప్రసారం పాఠం చెప్పే నాకు, మా ఇంటి ముందు నిలిచిన బండిలో ఆ పాఠం కనిపించలేదు. ఆ విచారమే ఈ వ్యాసానికి కారణం.

ఇంజను చల్లబడే విధానం

డీజిలు మండగా పుట్టిన వేడిలో కొంత భాగమే చక్రాలను తిప్పుతుంది. కొంత పొగతో బయటికి పోతుంది. మిగిలిన దానిలో అధిక భాగాన్ని ఇంజను చుట్టూ ప్రవహించే కూలెంట్ మోసుకొని పోవాలి. వాటర్ పంపు ఆ ద్రవాన్ని తిప్పుతుంది. థర్మోస్టాట్ అనే చిన్న తలుపు, ద్రవం తగినంత వేడెక్కిన తర్వాత తెరుచుకొని దానిని రేడియేటరుకు పంపుతుంది. అక్కడ సన్నని రేకుల మధ్య నుండి గాలి వీచి వేడిని తీసుకొనిపోతుంది. ఆ గాలిని ఫ్యాను లాగుతుంది.

రేడియేటరు మూత కేవలం మూత కాదు. అది లోపల ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. ఒత్తిడి పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. సముద్ర మట్టంలో 100 డిగ్రీల వద్ద మరిగే నీరు, ఒక బార్ అదనపు ఒత్తిడిలో సుమారు 120 డిగ్రీల వరకు మరగదు. మన ఇంట్లోని ప్రెషర్ కుక్కర్ సూత్రమే ఇది. మూత రబ్బరు పాడైతే ఆ ఒత్తిడి నిలువదు, నీరు ముందే మరుగుతుంది.

మొదట జాగ్రత్త

వేడిగా ఉన్న ఇంజను రేడియేటరు మూతను ఎన్నడూ విప్పరాదు. ఒత్తిడి ఒక్కసారిగా తొలగితే లోపలి ద్రవం క్షణంలో ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం ఒక గంట ఆగి, పై గొట్టం చేతికి చల్లగా తగిలిన తర్వాతనే, మందపు గుడ్డ వేసి, ముఖం పక్కకు తిప్పుకొని కొద్దికొద్దిగా విప్పాలి. పొరపాటున కాలితే ఇరవై నిమిషాలు చల్లని శుభ్రమైన నీటి ధార కింద ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. సిరా, టూత్‌పేస్టు పూయరాదు.

బండిని సమతలంలో నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టాలి. క్యాబిన్ ఎత్తే రకమైతే దానిని నిలిపే కమ్మీ సరిగా పడిందో లేదో చూడాలి. ఇంజను నడుస్తుండగా తువ్వాలు, లుంగీ అంచు, చీర కొంగు ఫ్యాను దరికి పోరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి.

ఎప్పుడు కాగుతోంది?

మొదటి పరీక్షకు పనిముట్లు అవసరం లేదు. డ్రైవరును ఒక్క ప్రశ్న అడగాలి: ముల్లు ఏ సమయంలో పైకి పోతోంది?

నిలిపి ఉంచినప్పుడు, రద్దీలో మెల్లగా కదిలినప్పుడు కాగి, రోడ్డు మీద పరుగెత్తితే తగ్గుతూ ఉంటే ఫ్యానునూ, దాని బెల్టునూ అనుమానించాలి. పరుగులో ఎదురుగాలి ఫ్యాను పని చేసిపెడుతుంది గనుక లోపం దాగిపోతుంది.

లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే కాగుతూ ఉంటే రేడియేటరు పూడిందని గాని, కూలెంట్ తగ్గిందని గాని తలచాలి. అధిక లోడు కూడా కారణం కావచ్చు. పై గేరులో ఇంజనును ఈడ్చినా ఇదే జరుగుతుంది. ఇంజను మెల్లగా తిరిగితే పంపు, ఫ్యాను కూడా మెల్లగానే తిరుగుతాయి.

ఉదయం స్టార్టు చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు పైకి పోతే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదని గాని, పంపు పనిచేయడం లేదని గాని అనుకోవచ్చు. ముల్లు ఎర్రగీత దాటినా ఆవిరి లేక, వాసన లేక, గొట్టాలు మామూలు వేడిలోనే ఉంటే లోపం సెన్సారులో ఉండవచ్చు. అయితే ఆ నిర్ణయానికి చివరనే రావాలి.

బండి చల్లగా ఉన్నప్పుడు

తెల్లవారుజామున ఈ క్రింది వాటిని వరుసగా చూడాలి.

ఒకటి, కూలెంట్ మట్టం. తగ్గి ఉంటే ఎక్కడికి పోయిందో వెదకాలి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచితే కారిన చోటు తెలుస్తుంది. గొట్టాల అతుకుల వద్ద, పంపు కింద ఉండే చిన్న రంధ్రం వద్ద ఎండిన మరక ఉంటే కారుతున్నట్లే.

రెండు, రంగు. తుప్పు రంగు ఉంటే లోపల చిలుము పట్టినట్లు. కూలెంట్ మీద నూనె తేలినా, ఇంజను ఆయిల్ కొలిచే పుల్ల మీద పాల టీ వంటి రంగు కనిపించినా నూనె, నీరు కలుస్తున్నాయని అర్థం. అప్పుడు ఇంజను స్టార్టు చేయరాదు. మెకానిక్‌నే పిలవాలి.

మూడు, బెల్టు. రెండు కప్పీల నడుమ బొటనవేలితో నొక్కితే మామూలు వి-బెల్టు సుమారు అర అంగుళం దిగాలి. మరీ దిగితే వదులు. లోపలి అంచు అద్దంలా మెరుస్తుంటే జారుతోంది. తానే బిగువు సర్దుకొనే ఏర్పాటు గల బండ్లకు ఈ కొలత వర్తించదు. వాటిలో పగుళ్లు, అరుగుదల చూడాలి.

నాలుగు, రేడియేటరు. చీకట్లో ఒక వైపు టార్చిలైటు పెట్టి రెండో వైపు నుండి చూడాలి. వెలుతురు రాని చోట గాలి కూడా పోదు. టర్బో బండ్లలో రేడియేటరుకు ముందు ఇంటర్‌కూలర్ ఉంటుంది. ఊక, పురుగులు, దుమ్ము ఈ రెండింటి మధ్య చేరి బయటికి కనిపించవు. మా బండిలో జరిగింది ఇదే. ఇంజను వైపు నుండి బయటికి, మెల్లని నీటి ధారతో కడగాలి. గట్టి ధార కొడితే రేకులు వంగిపోతాయి.

వేడెక్కుతుండగా

కూలెంట్ నిండుగా పోసి, చల్లని ఇంజనును మూత తీసిన స్థితిలో స్టార్టు చేసి, రెండడుగులు దూరంగా నిలిచి చూడాలి. మొదట కొన్ని బుడగలు రావడం సహజం. అవి ఆగక వస్తూనే ఉంటే సిలిండరులోని వాయువు కూలెంట్‌లోకి దూరుతోందని, హెడ్ గాస్కెట్ పోయిందని బలమైన సూచన. రెండు మూడు నిమిషాలలోనే ఇంజను ఆపి, మూత బిగించాలి.

తర్వాత మూతతోనే నడిపి, ముల్లు కదులుతుండగా ఇంజను ఆపి, రేడియేటరుకు పోయే పై గొట్టాన్ని వేలితో తాకాలి. ముల్లు మామూలు స్థానం దాటినా ఆ గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు. దానిని విప్పించి, పాత గిన్నెలో నీళ్లు పోసి, వేలాడదీసి కాచి చూడవచ్చు. తెరుచుకొనే ఉష్ణోగ్రత సాధారణంగా దాని మీదనే ముద్రించి ఉంటుంది. నీరు తెర్లినా తెరుచుకోకపోతే మార్చాలి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడరాదు.

చేయకూడని పనులు

థర్మోస్టాట్ తీసి పారవేసి నడపడం మన వైపు వాడుక. కొన్ని ఇంజన్లలో అలా చేస్తే ద్రవం రేడియేటరుకు పోకుండా దగ్గరి దారినే తిరిగి, వేడి మరింత పెరుగుతుంది.

కాగిన ఇంజను మీద చన్నీళ్లు కుమ్మరించడం వల్ల హెడ్ పగలవచ్చు. దారిలో కాగితే లోడు తగ్గేటట్లు పక్కకు ఆపాలి. కూలెంట్ కారకుండా, బెల్టు తెగకుండా ఉంటే కొద్ది నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి ఆపడం మేలు. కారిపోయినా, బెల్టు తెగినా వెంటనే ఆపాలి.

రోజూ బోరు నీళ్లే పోస్తే లోపల సున్నం గట్టిపడుతుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన కూలెంట్‌నే, చెప్పిన పాళ్లలో, శుద్ధి చేసిన నీటితో కలపాలి. అందులో సాధారణంగా వాడే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు, పశువులకు అందకుండా ఉంచాలి. తీసిన పాతది కాలువలో పోయరాదు.

చివరగా ఒక మాట. బండి ఎప్పుడు కాగింది, ఎంత లోడు ఉంది, ఎన్ని నీళ్లు పోశారు అన్న వివరాలను పిల్లల పాత నోటుబుక్కులో తేదీలవారీగా వ్రాయించండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని మా తమ్ముడి కూతురు చేస్తోంది. మెకానిక్ ఏ భాషవాడైనా ఆ లెక్క చూస్తే అతనికి సగం పని తప్పుతుంది. పోసిన నీళ్లు బండిని ఆ మలుపు దాటించగలవు గాని, కారణం తెలిసే వరకు తర్వాతి మలుపు మనకోసం కాచుకొనే ఉంటుంది.