ఒకే స్పీకర్‌లో రెండు శబ్దాలు ఎలా?

బ్రహ్మంగారిమఠంలో ఒకరు లినక్స్ కంప్యూటర్లో తత్వాలు వింటున్నారనుకోండి. మధ్యలో మెసేజ్ వచ్చి 'టింగ్' మంది. అయినా పాట ఆగలేదు. ఎందుకు?

కంప్యూటర్‌కు శబ్దమంటే అంకెల వరస. సాధారణంగా సెకనుకు 48,000 అంకెలు. సౌండ్ సర్వర్ అనే ప్రోగ్రామ్ పాట అంకెనూ టింగ్ అంకెనూ ఏ క్షణానికాక్షణం కూడి, ఒకే వరసగా సౌండ్ కార్డుకు పంపుతుంది. పాటను మాత్రమే తగ్గించాలా? దాని అంకెలను 1 కంటే చిన్న సంఖ్యతో గుణిస్తుంది. కూడిన మొత్తం హద్దు దాటితే శబ్దం బరబరమంటుంది.

లెనార్ట్ పాటరింగ్ 2004లో మొదలుపెట్టిన పల్స్‌ఆడియో ఏళ్ల తరబడి ఈ పని చేసింది. 2021లో ఫెడోరా అనే లినక్స్ రకం తన 34వ వెర్షన్‌లో దాని స్థానంలో విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్‌ను తెచ్చింది. ఇది వీడియోనూ చూసుకుంటుంది. రెండింటి సోర్స్ కోడ్‌నూ ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. మీరు కూడా!